ఎనిమిది గంటల వేడి

"అయిదయింది. మూత తియ్యనా?"

"ఆగు, ఇంకో నిమిషం ఉంది," అన్నాడాయన, గోడ గడియారం మీంచి చూపు తిప్పకుండా.

నిమిషం గడిచాక ఆవిడ ఫ్లాస్కు మూత తిప్పి, పొద్దున తొమ్మిదింటికి పోసిన టీని రెండు కప్పుల్లోకి వంపింది. ఆయన ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, బల్లమీది కాగితంలో ఎర్రపెన్నుతో అడ్డగీత గీశాడు.

"వేడి ఉంది, రుచి లేదు. పాలు విరగలేదు గానీ విరిగినంత పని చేశాయి."

"కొండమీద రుచెవరు చూస్తారండీ?"

"నేను చూస్తాను. సరైనది దొరక్కపోతే ఆ నడకకి రానని చెప్పేస్తా."

ఆవిడ క్యాలెండరు వైపు చూసింది. అది ఏడోరోజు పరీక్ష. నడకకి ఇంక మూడు రోజులే ఉన్నాయి.

ఆయన ముప్పై నాలుగేళ్ళు దినపత్రికలో ప్రూఫు రీడరు. మధ్యాహ్నం మూడింటికి వెళ్తే అర్ధరాత్రి దాటాక వచ్చేవాడు. నాలుగు నెలల కిందట రిటైరయ్యాడు. దిద్దడానికి పత్రిక లేకపోయేసరికి ఇంటిని దిద్దడం మొదలుపెట్టాడు. సరుకుల చీటీలో పెసలు రెండుసార్లు వచ్చాయని ఎర్రగీత. దుప్పటి మడతలో అంచులు కలవలేదని ఒక చూపు. రేడియో పెడితే "కాస్త తగ్గించవోయ్" అని ఒక మాట. మంచివాడే, పల్లెత్తు మాట అనడు. కానీ మంచితనమైనా ఇరవై నాలుగ్గంటలూ ఎదురుగా కూర్చుంటే ఎవరు భరిస్తారు? పొద్దున పూట గంటసేపు రైల్వే గేటు వైపు వెళ్ళొస్తాడు, అదొక్కటే ఆవిడకి విరామం. అప్పుడూ జేబులో ఆ పెన్ను ఉండాల్సిందే.

"నడకకి పెన్నెందుకండీ?" అని అడిగితే, "వీధిలో బోర్డులు లేవూ?" అన్నాడు.

ఆవిడకి కావలసింది ఒకే ఒక్క రాత్రి. మంచం మొత్తం తనది, రేడియో తనది, పొద్దున ఎప్పుడు లేవాలో కూడా తన ఇష్టం.

పక్కింటి టైలరమ్మదీ అదే బాధ. రిటైరైన బస్సు డ్రైవరు ఆమె మొగుడు. మంచినీళ్ళు కావాలన్నా హారను కొట్టినట్టే పిలుస్తాడు. ఇద్దరూ కలిసి ఉపాయం పన్నారు. పాత క్యాలెండరు కాగితం వెనకవైపు ఆవిడే తన గుండ్రటి చేతిరాతతో రాసింది: "కొండనడక మిత్రమండలి. రిటైరైన మగవారికి మాత్రమే. శనివారం సాయంత్రం బయలుదేరి ఆదివారం పొద్దున తిరిగి రాక. ఎవరి వేడి పానీయం వారే తెచ్చుకోవలెను." ఆయన పాత స్నేహితుల ప్రెస్సులన్నీ వదిలేసి, రైల్వే గేటు అవతల కొత్తగా పెట్టిన ప్రెస్సులో టైలరమ్మ యాభై కాపీలు వేయించింది. వాటిలో ఒకటి తెల్లారేసరికి తలుపు కింద ఉంది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ఆ ఇంట్లోకి వచ్చిన కాగితమేదీ ఎర్రగీత పడకుండా మిగల్లేదు. ఇదెంత గాయపడుతుందోనని ఆవిడ తలుపు చాటునుంచి చూసింది.

"శుభ్రంగా ఉంది," అని దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాడు.

హమ్మయ్య అనుకుంది. కానీ ఆ ఆఖరి వాక్యం దగ్గరే ఆయన బండి ఆగిపోయింది. ఏ పానీయం? కాఫీ అయితే మాటిమాటికీ పొదల వెనక్కి పోవాలి. కోకో అడుగుకి దిగి బురదవుతుంది. సూపు తాగితే దాహం. బార్లీ చూడగానే జ్వరం వచ్చినట్టుంటుంది.

"వదినా, తేలిందా?" అంది టైలరమ్మ గోడమీంచి. "మా ఆయన ఒక్క నిమిషంలో తేల్చేశాడు."

"ఎక్కడమ్మా! నాన్చుతున్నారు."

రుచి చూడడానికి రెండు నిమిషాలు చాలు. కానీ అయిదింటికి కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేవాళ్ళు కాదు. పెళ్ళి ఫోటో కింద సంతాప వార్త పడిన రోజు ఎడిటరు బల్ల కింద దాక్కున్న సంగతి చెబితే, ఆవిడ కడుపు చెక్కలయ్యేలా నవ్వింది.

"ఇవన్నీ ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?"

"నేనొచ్చేసరికి నువ్వు నిద్రపోయి ఉండేదానివిగా."

శుక్రవారం ఆవిడకే ఒక ఆలోచన తట్టింది. ఫ్లాస్కును ముందు మరిగే నీళ్ళతో కడిగి, ఒట్టి వేడినీళ్ళే పోసింది. టీ పొడి, చక్కెర విడిగా పొట్లం కట్టింది. అయిదింటికి అప్పటికప్పుడు కలిపి ఇస్తే ఆయన కప్పు ఖాళీ చేసి, కాగితం మీద "సరే" అని రాశాడు.

"మొదటిరోజే ఇది తట్టి ఉంటే ఇన్నిసార్లు ఫ్లాస్కు కడిగే పని ఉండేది కాదు కదండీ! మీకైనా తట్టలేదా?"

ఆయన నవ్వి కప్పులు తీసుకుని కడగడానికి లేచాడు. రేపటి నుంచి అయిదింటికి ఈ మూత తీసే పని ఉండదని తోచి, ఆవిడకి ఎందుకో కాస్త వెలితిగా అనిపించింది.

శనివారం సాయంత్రం ఫ్లాస్కు భుజాన తగిలించుకుని గేటు దగ్గర ఆగాడు.

"రేపు పదింటికి గానీ రాను. హాయిగా పడుకో. తిరిగొచ్చాక, రోజూ అయిదింటికి టీ నేనే పెడతాను."

బస్సు డ్రైవరు వీధి చివర్నుంచి హారనులాంటి గొంతుతో పిలిచాడు. ఆయన వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళిద్దరూ గేటు మీద మోచేతులు ఆనించి, మలుపు తిరిగేదాకా చూశారు.

"మొత్తానికి పంపించాం వదినా!" అంది టైలరమ్మ.

"పాపం, బొత్తిగా ఏమీ తెలియని మనిషి," అంది ఆవిడ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

రైల్వే గేటు అవతలి ప్రెస్సులో ఆ కరపత్రానికి ప్రూఫు దిద్దింది ఆయనే.