ఎర్రకోడి బిళ్ల

ఆల్విన్ రాట్కే తన బల్ల వైపే రావడం చూసి హెడీ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

ఆ శనివారం ఊరి చర్చి హాల్లో పాత బీరు సామాన్ల సంత. సీసా మూతలు, ట్రేలు, గ్లాసులు, కోటుకు గుచ్చుకునే ప్రచార బిళ్లలు. విస్కాన్సిన్‌లో ఊరికో బీరు కంపెనీ ఉండే రోజులు పోయాయి. పెద్ద కంపెనీలు చిన్నవాటిని మింగేశాయి. మిగిలింది ఈ చిల్లర సరుకే. దీనికోసం ముసలాళ్లు చిన్నపిల్లల్లా కొట్టుకుంటారు.

వాళ్లందరికీ పెద్ద ఆల్విన్. ఎర్రకోడి బీరు కంపెనీ నడిచినన్నాళ్లూ, కొండ కింద పీపాలు నిలవుంచే నేలమాళిగలకు మేస్త్రీ. ఇప్పుడు ఏ బిళ్ల అసలుదో, ఏది నకిలీదో తేల్చే న్యాయమూర్తి. భూతద్దం పెట్టి, వెనక అంటించిన తయారీదారు కాగితం దాకా చూస్తే గాని నోరు విప్పడు.

హెడీ బల్ల మీద ఒకే ఒక్క బిళ్ల ఉంది. దాని మీద ఎర్రకోడి బొమ్మ, కింద ‘మళ్లీ కూసింది!’ అన్న అక్షరాలు.

ఆ బిళ్ల కథ ఊరందరికీ తెలుసు. 1933లో మద్యనిషేధం సడలి బీరు మళ్లీ పారిన రోజున కంపెనీ తన పనివాళ్లకు పంచింది. అప్పుడు హెడీకి ఏడేళ్లు, ఇప్పుడు నలభై దాటాయి. పీపాలు చేసే నాన్న లెన్‌హార్ట్ మధ్యాహ్నం భోజనానికొచ్చి, మేకుతో బిళ్ల వెనక తన పేరు పొడి అక్షరాలు గీసుకున్నాడు. కోటుకు గుచ్చుకుని, కూతురికి చూపించి మురిసిపోయి, పనికి వెళ్లాడు. మళ్లీ ఇంటికి రాలేదు.

“షికాగో రైలు ఎక్కించింది నేనే. అక్కడ ఎవత్తో ఉందట,” అన్నాడు ఆల్విన్ అప్పట్లో.

ఊరు నమ్మింది. అమ్మ నమ్మలేదు. నిషేధం రోజుల్లో మాళిగల్లోంచి దొంగ పీపాలు ఎవరు దాటించారో నాన్నకు తెలుసని ఆమెకు తెలుసు. పైకి అనే ధైర్యమే లేకపోయింది. ప్రతి క్రిస్మస్‌కీ ఆల్విన్ పంపే బాతును మాత్రం ఉడికించకుండా వీధి కుక్కలకు పడేసేది. పోయిన వసంతంలో ఆమె కన్నుమూసింది. ఆమె సమాధి పక్కన నాన్న చోటు ఇంకా ఖాళీగానే ఉంది. అక్కడికి ఆయన్ని చేర్చకపోతే హెడీకి నిద్ర పట్టేలా లేదు.

“కొండ కింద మాళిగలు చీమల పుట్టలా ఉంటాయమ్మా. ఎక్కడని తవ్వించను?” అన్నాడు పోలీసు అధికారి షెరీఫ్ డాల్కే, నాన్న ఆ మాళిగల్లోనే ఉన్నాడని హెడీ మొరపెట్టుకుంటే. సోమవారం వాటినన్నిటినీ కాంక్రీటుతో పూడ్చేస్తారు. పైన కార్లు నిలుపుకుంటారు.

“ఏంటే హెడీ, నువ్వూ దుకాణం పెట్టావా? మీ అమ్మ ఉంటే చీపురు తిరగేసేది,” అన్నాడు ఆల్విన్ బల్ల మీదికి వంగుతూ.

“రా బాబాయ్. నీకోసమే తెచ్చా.”

ఆల్విన్ నవ్వుతూ బిళ్లను తిరగేశాడు. తుప్పు. తుప్పు మధ్య రెండు అక్షరాలు. నవ్వు సగంలో ఆగిపోయింది. భూతద్దం జేబులోనే ఉండిపోయింది.

“ఎక్కడిదిది?”

“నాన్నది.”

“అది కనబడుతూనే ఉందిలే! ఎక్కడ దొరికిందని అడుగుతున్నా.”

“పాత కంపెనీలో. సోమవారం పూడ్చేస్తారట కదా, ఒకసారి చూసొద్దామని కిందికి దిగా.”

“ఏ మాళిగలో?”

“నాకేం తెలుసు వాటి పేర్లు? అంతా చీకటి.”

“ఇంకేం చూశావ్?”

“చూసింది చూశా. నోటితో చెప్పేది కాదు బాబాయ్.”

ఆల్విన్ చుట్టూ చూశాడు. తలుపు దగ్గర షెరీఫ్ నిలబడి సాసేజ్ రొట్టె తింటున్నాడు. ఆల్విన్ గొంతు తగ్గించాడు.

“ఎవరికైనా చెప్పావా?”

“ముందు నీకే. నాన్నకి నీకంటే దగ్గరివాళ్లెవరున్నారు?”

“మంచి పని చేశావ్ తల్లీ. పద, నా ట్రక్కులో వెళ్దాం. నేనూ కళ్లారా చూడాలి. చూశాక ఇద్దరం కలిసి షెరీఫ్‌కి చెబుదాం.”

హెడీ లేచింది. వాళ్లు గుమ్మం దాటుతుండగా షెరీఫ్ సగం తిన్న రొట్టెను చెత్తబుట్టలో పడేశాడు.

ఆల్విన్ పాత కంపెనీ ముందు దిగి, ట్రక్కు వెనక నుంచి గడ్డపార తీశాడు.

“తలుపు బిగుసుకుని ఉంటుంది,” అన్నాడు.

తలుపు ఊరికే తోస్తేనే తెరుచుకుంది. గడ్డపార మాత్రం ఆయన చేతిలోనే ఉంది.

“నువ్వు ముందు నడు.”

“నాకు చీకటంటే భయం బాబాయ్. నువ్వే నడు.”

మెట్లు దిగేకొద్దీ చలి ఎముకల్లోకి దిగుతోంది. అటూ ఇటూ మాళిగలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఆల్విన్ ఒక్కదాని వైపూ తల తిప్పలేదు. టార్చి వెలుగు ముందు పరుగెడుతుంటే సొంత ఇంట్లో నడిచినట్టు నడిచాడు. ఎడమకు తిరిగాడు, ఇంకాస్త కిందికి దిగాడు, చివరి ఇటుక గోడ ముందు ఆగాడు. వెనక మెట్ల మీద ఎక్కడో ఒక గులకరాయి దొర్లింది. హెడీ విన్నది. ఆల్విన్ వినలేదు.

ఆయన గోడంతా అరచేత్తో తడిమాడు. మళ్లీ తడిమాడు.

“ఒక్క ఇటుకా కదల్లేదే! నేను కట్టింది కట్టినట్టే ఉంది.” గడ్డపార బిగించి పట్టుకుని మెల్లగా వెనక్కి తిరిగాడు. “మరి వాడి కోటుకున్న బిళ్ల నీకెలా దొరికిందే?”

హెడీ ఆ గోడనే చూస్తూ నిలబడింది. పోయిన వారం తన వంటింట్లో కూర్చుని, ఆ బిళ్లను తన చేతులతో తయారుచేసి, ఉప్పునీళ్లలో తుప్పు పట్టించినప్పుడు, నాన్న ఏ గోడ వెనక ఉన్నాడో ఆమెకు తెలియదు.