చివరి స్టూలు మీద జడ్జిగారు

"ఉప్పు ముందొస్తోంది బాబూ," అంది చివరి స్టూలు మీద కూర్చున్నావిడ.

సుషీ షెఫ్ చేతిలో కత్తి ఆగింది.

మధ్యాహ్నం పన్నెండున్నర. చుట్టుపక్కల అద్దాల భవనాల్లోంచి దిగొచ్చిన ఉద్యోగులు మెడలో కార్డులతో తలుపు దాకా వరుస కట్టారు. నూడుల్స్ వైపు కేకలు, సూప్ వైపు పొగలు. ఈ రద్దీలో ఉప్పు ముందొచ్చిందో వెనకొచ్చిందో తేల్చే తీరిక ఎవరికుంది?

ఆవిడకుంది. పైన పరిచిన చేపముక్కను పక్కకు జరిపి, కిందున్న అన్నాన్ని మాత్రం నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలింది. అరవై దాటిన మనిషి. నెరిసిన జుట్టు, ఒళ్ళో గుడ్డసంచి. వారం రోజులుగా వస్తోంది, రోజుకో మాట అని వెళ్తోంది.

సర్వర్ అమ్మాయి ఆవిడకు జడ్జిగారని పేరు పెట్టేసింది.

షెఫ్‌కి ఒళ్ళు మండేది. ఆవిడ తప్పు చెప్పిందని కాదు. నిజం చెప్పిందని.

అన్నం కుదరడం లేదని అతనికి ఏడాదిగా తెలుసు. సుషీకి ప్రాణం అన్నమేనని గురువుగారు అనేవారు. వేడన్నాన్ని వెడల్పాటి చెక్కతొట్టిలో పరిచి, పైన వినెగర్ పాకం చల్లి కలిపేవారు. ఆ పాకాన్ని రోజూ పొద్దున్నే ఇంటినుంచి ఓ ఆకుపచ్చ సీసాలో తెచ్చేవారు. ఎలా కలుపుతారని అడిగితే నవ్వేసేవారు.

"అది ఇంటిగుట్టు. నేను చెప్పకూడదు."

సమయం వస్తే ఆయనే చెబుతారులే అనుకున్నాడు. ఆ సమయం రాకుండానే ఓ ఉదయం గురువుగారి గుండె ఆగిపోయింది. అంత్యక్రియలకు కూడా షెఫ్ వెళ్ళలేదు. కౌంటర్ చూసుకునేవాళ్ళు లేరనుకున్నాడు.

అప్పట్నించీ వినెగర్, పంచదార, ఉప్పు కలపడం, పారబొయ్యడం. ఒక్కోసారి కలలో ఆ రుచి నాలుకకు తగిలేది. మెలకువ వచ్చాక గుండెంతా దిగులు. అది రుచి మీద బెంగో, మనిషి మీద బెంగో అతనికే తెలిసేది కాదు.

పైగా నెలాఖరుకి అన్నం కుదరకపోతే సుషీ తీసేసి ఆ చోట కూడా నూడుల్సే పెట్టేద్దామని యజమానురాలు చెప్పేసింది. ఇంకో చోట పని దొరక్కపోదు. గురువుగారు నిలబడిన ఈ చోటు దొరకదు.

శుక్రవారం ఆవిడ మళ్ళీ నోరు విప్పింది.

"పులుపు నాలుక మీద నిలవట్లేదు బాబూ. నువ్వు అన్నం చల్లారాక..."

"అంత తెలిస్తే మీరే ఇటొచ్చి చెయ్యండమ్మా. లేదంటే ఈ వీధిలో ఇంకో పది హోటళ్ళున్నాయి."

ఆవిడ చెక్కతొట్టి వైపు చూసింది. చెయ్యి ఒళ్ళోని సంచిలోకి వెళ్ళింది. ఒక్క క్షణం నిజంగానే లేచి కౌంటర్ లోపలికి వచ్చేస్తుందేమో అనిపించింది.

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆవిడ చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. మూతి తుడుచుకున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పళ్ళెం పక్కన ఉంచి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

పీడ విరగడైందని షెఫ్ రెండు రోజులు సంతోషించాడు. మూడో రోజు నుంచి చూపు ఊరికే చివరి స్టూలు మీదికి పోయేది.

తర్వాతి వారం వాన పట్టుకుంది. గొడుగు కోసం, మరచిపోయిన వస్తువులు పెట్టే అర వెతుకుతుంటే అతనికి ఓ గుడ్డసంచి తగిలింది. జడ్జిగారిదే, స్టూలు మీద వదిలేసి వెళ్ళిందని సర్వర్ అమ్మాయి చెప్పింది.

లోపల ఆకుపచ్చ సీసా.

బిరడా తీశాడు. వాసన తగలగానే గొడుగు సంగతి మరిచిపోయాడు. వేడన్నం మీద చల్లి, కలిపి, నిలబడే ఒక ముద్ద తిన్నాడు. ఏడాది తర్వాత ఆ రుచి. సర్వర్ అమ్మాయి చూస్తోందని కూడా లేకుండా ఏడ్చేశాడు.

ఆ మధ్యాహ్నం పాత కస్టమర్ ఒకాయన తింటూ తింటూ తలెత్తి, పెద్దాయన తిరిగొచ్చారా అని అడిగాడు.

రెండింటికల్లా సీసా అయిపోయింది.

ఆవిడ గురువుగారి దగ్గర ఎప్పుడో పని నేర్చుకుని ఉంటుందనుకున్నాడు షెఫ్. ఆవిడ అన్న మాటలన్నీ గుర్తు చేసుకుని కాగితం మీద వరసగా రాశాడు. ఉప్పు ముందొస్తోంది. తీపి తేలిపోతోంది. పులుపు నిలవట్లేదు. అన్నం చల్లారాక... అక్కడితో ఆగిపోయింది. తనే ఆపేశాడు.

ఆ రోజునుంచి ఎంత రద్దీ ఉన్నా చివరి స్టూలు మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

నెలాఖరున యజమానురాలు వచ్చింది. జనం నిలబడి ఉంటే ఈ స్టూలు ఖాళీగా ఎందుకుందని అడిగింది. షెఫ్ జరిగిందంతా చెప్పి ఖాళీ సీసా చేతికిచ్చాడు.

యజమానురాలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆవిడే నిన్న నాకు ఫోన్ చేసింది. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతున్నానంది. ఎక్కడికంటే చెప్పలేదు. నీకు ఓపిక తక్కువట, చెయ్యి మాత్రం మంచిదట."

"ఎవరండీ ఆవిడ?"

"మీ గురువుగారి భార్య. ఉప్పూ పులుపూ ఆయనకి జన్మలో కుదరలేదయ్యా, ఇరవై రెండేళ్ళూ తెల్లారకుండానే లేచి ఈ సీసా నింపి ఆయన చేతికిచ్చి పంపింది ఆవిడే."