కిరీటి కొట్టులో ఇత్తడి బిళ్ళ

“ఆ బిళ్ళ నకిలీదేమో బాబూ!”

కొట్టులోకి అడుగుపెడుతూనే పేరమ్మ అన్న మొదటి మాట అది.

కిరీటి ఉలిక్కిపడలేదు. వన్ టౌన్‌లో పాత నాణేలు, పతకాలు అమ్ముతుంటాడు. సరుక్కి వంక పెట్టేది కొనదలుచుకున్నవాళ్ళేనని బాగా తెలుసు. పతకం దగ్గర సణిగారంటే వెనక పథకం ఉన్నట్టే!

“కూర్చోండి మామ్మగారూ! ఏ బిళ్ళ సంగతి?”

“ఫోన్లో పెట్టారంట కదండీ. డెబ్బయ్యొకటి యుద్ధంలో సిపాయిది, భుజానికి పెట్టుకునేది. మా మనవరాలు హేమ చూపించింది. బందరు నుంచి పొద్దున్నే బస్సెక్కా.”

కిరీటి ఇత్తడి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు.

పేరమ్మ దాన్ని ముట్టుకోలేదు. కూర్చుంది. లేచింది. సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చింది.

“అక్షరాలు సన్నంగా ఉన్నాయేంటి? మిగతా బిళ్ళలకి లావుగా ఉంటాయంట కదా!”

‘అబ్బో, బేరానికి చదువుకుని మరీ వచ్చింది’ అనుకున్నాడు కిరీటి.

“యుద్ధం తొందర కదండీ! ఒక్కచోట చేయిస్తే చాలక నాలుగు చోట్ల చేయించారు. చోటు మారితే అచ్చు మారింది. అచ్చు మారడం వేరు, అచ్చుతప్పు వేరు!”

తన మాటకు తనే కొట్టు అదిరేలా నవ్వాడు.

పేరమ్మ నవ్వలేదు.

“వెనక కొక్కేలు కూడా వంకరండీ.”

“చేత్తో అతికినవి! నకిలీగాడైతే తిన్నగా అతికిస్తాడు. వంకరే దీనికి అలంకారం!”

“మరి ఆ నంబరు?”

బిళ్ళ వెనక సిపాయి మేకుతో గీక్కున్న తన సర్వీసు నంబరుంది.

“ఆఖర్న ఒకటే కదండీ అది?”

“ఏడు. అడ్డగీత చూడండి.”

“ఒకటేమో. సరిగ్గా చూడు బాబూ!”

కిరీటి భూతద్దం పెట్టి చూశాడు. “ఏడే!”

“అయితే ఎవరో మొన్నీమధ్య గీకుంటారు. అమ్ముకోడానికి.”

ఆ మాట కిరీటికి చురుక్కుమంది. తన కొట్టులో నకిలీయా! బిళ్ళనీ భూతద్దాన్నీ ఆవిడ చేతుల్లో పెట్టాడు.

“గీతల్లోపల చూడండి, పచ్చగా చిలుము! కొత్తగా గీకితే ఇత్తడి మెరవదూ? ఏళ్ళ తరబడి మట్టిలో నానింది మామ్మగారూ. సరిహద్దు అవతల పొలం దున్నుతుంటే ఎముకలతో పాటు బయటపడింది. ఇంకేం సాక్ష్యం కావాలండీ మీకు?”

పేరమ్మ భూతద్దంలోంచి చాలాసేపు చూసింది.

“అసలుదేనంటావా?”

“దుర్గమ్మ మీద ఒట్టు!”

గెలిచేశాననుకున్నాడు. ఇక ధర అడగడమే తరువాయి. కాలిక్యులేటర్ దగ్గరికి లాక్కున్నాడు.

పేరమ్మ ధర అడగలేదు. భూతద్దం బల్ల మీద పెట్టి, బిళ్ళను గుప్పిట్లో బిగించి, బయటికి నడిచింది.

“మామ్మగారూ! ఇదేం పనండీ? బేరం తెగకుండా బిళ్ళ పట్టుకుపోతారా!” కిరీటి చెప్పులు కూడా వేసుకోకుండా వెంటపడ్డాడు.

వీధిలోకి దిగే మెట్టు మీద ఆగిపోయాడు.

తోపుడుబళ్ళ రద్దీ వైపు తిరిగి నిలబడిన పేరమ్మ, ఆ యుద్ధానికి వెళ్ళిన భర్త ఎక్కడో ఒకచోట ప్రాణాలతో ఉన్నాడని ఇన్నేళ్ళూ పెట్టుకుంటూ వచ్చిన బొట్టును పైటకొంగుతో తుడిచేసుకుంటోంది.