అయ్యగారి ముద్ద

“ఇవాళ రెండు గంటల షిఫ్టుకి వెళ్ళకపోతే క్వార్టర్సు ఖాళీ చెయ్యమన్నారు అయ్యగారూ! మీరైనా ఈయనకి కాస్త గడ్డి పెట్టండి,” అంది బండోడి భార్య, గుమ్మంలోనే పాస్టరు గారి చేతిలోని గొడుగు అందుకుంటూ.

బండోడు మంచం చివర కూర్చుని ఉన్నాడు. కబేళాలో అందరూ అతన్ని పిలిచేది అలాగే. పేరుకు తగ్గ ఒళ్ళు. అంత ఒళ్ళూ ఇప్పుడు ముడుచుకుపోయి పిడికెడైంది. తలుపు పక్కన రబ్బరు బూట్లు కడిగి బోర్లించి ఉన్నాయి. మూడు రోజులుగా వాటి జోలికి వెళ్ళలేదు.

“ఏం తమ్ముడూ, ఒంట్లో బాగోలేదా?” పాస్టరు గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

“ఒంటికేం అయ్యగారూ, దుక్కలా ఉంది. చెయ్యే రావట్లేదు. దూడని పడగొట్టే గన్ను దాని నుదుటి మీద పెడతానా, అది నా వంక చూస్తుంది. అంతే, వేలు బిగుసుకుపోతుంది. వెనక లైనంతా ఆగిపోతుంది.”

“విన్నారా వరస? పన్నెండేళ్ళు కొట్టినప్పుడు చూడలేదంట దూడలు! ఇప్పుడే వాటికి కళ్ళొచ్చాయి,” అంది భార్య.

పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. “మాంసం తినడం పాపమని బైబిల్లో ఎక్కడా లేదు తమ్ముడూ. జలప్రళయం తర్వాత దేవుడే తినమన్నాడు.”

“అంతకుముందు మొదటి మనుషులకి తోటలో ఇచ్చింది కాయలూ గింజలే కదండీ?”

“నిజమే. తర్వాత అనుమతి ఇచ్చాడు.”

“మా చిన్నది ఏడ్చి గోల చేస్తే నేనూ ఫోను చేతిలో పెడతానండి. పెట్టానని నాకిష్టమైనట్టా?”

 పాస్టరు గారి చిక్కు పాస్టరు గారిది. కొన్నాళ్ళుగా ఆయన కూడా మాంసం ముట్టడం లేదు. పాలు, గుడ్లు కూడా మానేశారు. దాన్ని వీగన్ అంటారని కూతురు చెప్పేదాకా ఆయనకే తెలియదు. ఆ సంగతి ఇంటి గడప దాటలేదు. చర్చి సంఘంలో మాత్రం కడుపులో పుండని చెప్పుకుంటున్నారు. చెప్పక చస్తారా? సంఘంలో సగం మంది కబేళాలో పనిచేసేవాళ్ళే. సంఘ పెద్ద అక్కడ మేనేజరు. మీరు చేసేది హింస అని ఈ వారం ప్రసంగంలో అంటే, వచ్చే వారం ప్రసంగించేది ఇంకొకరు. ‘ఒకరి పొట్ట కొట్టడానికి నేనెవర్ని’ అని ఆయన సర్దిచెప్పుకునేవారు. అందులో సగం దయ, సగం పిరికితనం.

“నువ్వు చేసేది నలుగురికి తిండి పెట్టే పని. దేవుడి దృష్టిలో తప్పు కాదు,” అన్నారు గోడవైపు చూస్తూ. గోడకి పిల్లల స్కూలు సంచులు వేలాడుతున్నాయి.

బండోడు తలెత్తాడు. “తప్పు కాదంటారా?”

“కాదు.”

“అయితే ఇవాళ మా ఇంట్లో భోంచెయ్యండి. మాంసం వండింది. మీరు తింటే నేను షిఫ్టుకి వెళ్తాను. ఒట్టు పెట్టకూడదంటారు గానీ, ఇది ఒట్టే అనుకోండి.”

“నాకు కడుపులో...”

“కారం వెయ్యలేదు అయ్యగారూ, పుండుకేం కాదు!” భార్య అప్పటికే వంటింట్లోకి పరుగెత్తింది.

కంచం వచ్చింది. అన్నం, పక్కన కూర, అందులో ఏరి వేసిన నాలుగు పెద్ద ముక్కలు. పాస్టరు గారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. కూర చల్లారిపోయింది గానీ ప్రార్థన తెమల్లేదు. ఆయన దేవుణ్ణి అడుగుతున్నది ఒకటే. తినకుండా నిజం చెప్తే ఈ సంసారం రోడ్డున పడుతుంది. తింటే నా మనసుకి నేనేం చెప్పుకోవాలి? ఇందులో ఏది ప్రేమ తండ్రీ?  గోడ గడియారం ఒంటిగంటన్నర దాటింది.

“ఆమెన్,” అంది భార్య, ఇక చాలన్నట్టు.

బండోడు రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. పాస్టరు గారు ముక్క తుంచి అన్నంలో కలిపారు.  ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగారు.  నవ్వుమొహం పెట్టి రెండో ముద్ద కలిపారు.

“బాగుందమ్మా,” అన్నారు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని చేతులు జోడించింది.  బండోడు లేచి బూట్లు తొడుక్కున్నాడు. గుర్తింపు కార్డు మెళ్ళో వేసుకున్నాడు. పాస్టరు గారికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. తన సంగతి ఎలా ఉన్నా ఒక ఇల్లు నిలబడింది. అది చాలనుకున్నారు.

“చూశావా తమ్ముడూ, లేనిపోని అనుమానంతో ఎంత నలిగిపోయావో!”

“అంతేలెండి.” బండోడు గుమ్మం దగ్గర ఆగాడు. “మీరు తినరనుకున్నాను. మీరు గనక కంచం నెట్టేస్తే, ఏమైతే అయిందని ఆ పనికి దణ్ణం పెట్టేద్దామనుకున్నాను.”

పాస్టరు గారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “నేను తిననని ఎందుకనుకున్నావు?”

“సోమవారం కబేళాలో కొత్త షెడ్డు ప్రార్థనకి వచ్చారు కదండీ. అందరూ వెళ్ళిపోయాక, వెనక దొడ్లో దూడ మెడ కావలించుకుని మీరు ఏడవడం చూశాను. నా చెయ్యి ఆగిపోయింది అది చూశాకే.”