నీలం పొడి

ద్రాక్షతోటలో బూజు తెగులుకు కొట్టే రాగి మందు సంచి చింపుతుండగా గాలి తిరిగింది. నీలం పొడంతా మేస్త్రీ కళ్లలో పడింది.

"చచ్చాను మరదలా! కళ్లు మండిపోతున్నాయి!"

మందు కలుపుతున్న మరదలు అతని జుట్టు పట్టి ఈడ్చుకెళ్లి, కుళాయి కింద తల అదిమింది. రెండేళ్ల క్రితం ఇదే పొడి ఆమె కంట్లో పడితే, "ఈ వరస కొట్టేశాక కడుక్కోవచ్చులే" అన్నది ఈ బావే. ఆ కన్ను పోయింది.

"వదులు! చంపేస్తావా ఏంటి?" అని గింజుకున్నాడు. ఆమె వదల్లేదు. బలవంతంగా రెప్పలు విప్పి ఇరవై నిమిషాలు నీళ్లు పట్టింది. అతను ఏడుస్తుంటే ఆమెకు కడుపు చల్లబడింది.

వెంటనే కడగబట్టే చూపు దక్కిందన్నాడు డాక్టరు.

మేస్త్రీ చేతులు జోడించాడు. "నీకంత అన్యాయం చేశాను. నన్నెందుకు కాపాడావమ్మా?"

"నిన్ను కాపాడటమేంటి బావా?" ఆమె వంగి, తన పోయిన కన్ను అతని ముఖానికి దగ్గరగా తెచ్చింది. "నువ్వు గుడ్డివాడివైతే దీన్ని చూసేదెవరు? రేపట్నుంచి రోజూ నీ ఎదురుగానే పని చేస్తా."