నాలుగు కిలోల ఆకు

1994 ఆగస్టు పదకొండు, గురువారం. ఆ మధ్యాహ్నం తిన్నది జొన్నరొట్టె, పుంటికూర అని కూడా చోటే మియాకు గుర్తుంది.

ఆయన నల్లగొండలో ఓ ఫార్మసీ కాలేజీ అటెండరు. చేయి కడుక్కోకముందే ల్యాబులోంచి కేక వినబడింది.

"గుర్వమ్మా! ఇటు రా!"

కేకేసింది లెక్చరర్ ఐలేశం.

రక్తం అందక దెబ్బతినే మూత్రపిండాన్ని నేల మీద పాకే అటికమామిడి ఆకు కాపాడుతుందని నిరూపించడం ఆయన పీహెచ్‌డీ. ఎలుక మూత్రపిండానికి రక్తం పోయే నాళాన్ని ముప్పావు గంట బిగించి వదిలేవాడు. ఆకు మందు తాగిన ఎలుకలు బతుకుతున్నాయి, తాగనివి చస్తున్నాయి. డిసెంబరులోగా థీసిస్ ఇవ్వకపోతే ఉద్యోగం ఉండదు.

గుర్వమ్మ తిరుమలగిరి వైపు నుంచి వచ్చిన ముసలామె. ఆకు కడిగి ఆరబెట్టడం ఆమె పని. కోత పడ్డ ఎలుకలకు వెచ్చని గుడ్డ కప్పడం ఎవరూ చెప్పని పని.

"కూలోళ్లు తెచ్చింది పది కిలోలు. నువ్వు ఆరబెట్టింది ఆరు. నాలుగు కిలోలు ఏమైంది?"

"మ్యాకలకు ఏసిన సార్."

"మందు చెట్టు మ్యాకలకా?"

"మీకు అక్కరకొచ్చేదంత ఉంచిన సార్. గా ఆకు మీకు..."

"నోర్ముయ్! వేలిముద్ర మొకం. నాకేం అక్కరకొస్తదో నువ్వు చెప్తవా?"

చోటే మియా అడ్డం వచ్చాడు. "జర ఊకోండ్రి సార్. ముసల్ది. రేపటి సంది నేను తూకం చూస్త."

"నిన్నెవడడిగిండు? మ్యాకల కాడ పుట్టినోళ్లు మ్యాకల కాడనే ఉండాలె."

గొర్రెల కాపరి కొడుకైన ఐలేశం అన్న మాట అది.

గుర్వమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. మళ్లీ పనికి రాలేదు.

మర్నాటి నుంచి చోటే మియా తూచి పదికి పది కిలోలూ ఆరబెట్టాడు. ఐలేశం మీసం దువ్వుకున్నాడు.

సెప్టెంబరులో మందు తాగిన ఎలుకలూ చావడం మొదలుపెట్టాయి. తాగనివాటి తీరుగానే.

ఐలేశం ఎలుకలు అమ్మినవాణ్ని తిట్టాడు. నీళ్లు పట్టిన చోటే మియాను తిట్టాడు. ఏదీ తేలక, జూన్‌లో ఆరబెట్టిన ఆకు ఒక పొట్లం, సెప్టెంబరు ఆకు ఒక పొట్లం హైదరాబాదులోని ఓ వృక్షశాస్త్ర ఆచార్యుడికి పంపాడు.

"గుర్వమ్మ మ్యాకలను అమ్ముకొని బొంబాయి మట్టిపనికి పోయిందట సార్," అన్నాడు చోటే మియా. "యాడున్నదో ఎవరికెరుక లేదు."

"పీడ పోయింది. ఇగ బొంబాయోళ్లు చూసుకుంటరు."

నవంబరు ఆఖరున జవాబు వచ్చింది. సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి ఐలేశం చదివాడు.

"సెప్టెంబరు ఆకులో పదింట నాలుగు వంతులు అటికమామిడి కాదు. అదే పోలికతో, దానితో కలిసి మొలిచే కలుపు మొక్క. విడదీయడం నాకే కష్టమైంది. జూన్ పొట్లంలో మాత్రం ఒక్క ఆకు తప్పు లేదు. అంత నేర్పుగా ఏరిన వృక్షశాస్త్రవేత్త ఎవరో, వారి పేరు మీ థీసిస్‌లో తప్పక రాయండి."

ఐలేశం ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చోటే మియా, గుర్వమ్మ ఇంటిపేరేంది?"

"ఎన్నడు అడగలేదు గద సార్," అని, చోటే మియా ఆ రాత్రికి ల్యాబు తలుపు చప్పుడు కాకుండా మూశాడు.