ముగ్గురిలో ఒకడు

కళ్లజోడు స్క్రూ దానంతటది ఊడలేదు. ఎవరో సూదిమొనతో పనిగట్టుకుని వదులు చేశారు.

ఇరవై ఏళ్లుగా కళ్లజోళ్లు బాగుచేస్తున్న ఆమెకు అది కనిపెట్టడం ఎంతసేపు?

"నెలలో ఇది మూడోసారండీ. దీంతో కుస్తీ పడుతున్నారా ఏంటి?" అంది.

ఆ పెద్దమనిషి నవ్వబోయి మానేశాడు. అరవై దాటి ఉంటాయి. ఆమె స్క్రూ బిగిస్తున్నంతసేపూ గోడమీది ఫొటోనే చూస్తున్నాడు.

"మీ అబ్బాయా అమ్మా?"

"ఆఁ. ఒక్కడే."

"ఏం చేసేవాడు?"

"చేసేవాడు" అన్నాడు. "చేస్తాడు" అనలేదు. అయితే ఈయనకీ తెలుసన్నమాట. తెలియకేం, అన్ని పేపర్లలోనూ వచ్చింది.

"దుకాణాలకి బోర్డులు రాసేవాడు. ఈ దుకాణం అద్దం మీద అక్షరాలు కూడా వాడివే."

వాడు పోయి నాలుగేళ్లయింది. రంగు పెచ్చులూడుతున్నా మళ్లీ రాయించడానికి ఆమెకు మనసొప్పలేదు.

"బాగా మాట్లాడేవాడా?"

"వసపిట్ట. ఇప్పుడు ఇంట్లో ఆ నిశ్శబ్దమే భరించలేను."

వాడి మాట ఎత్తితే ఆమె ఏడుస్తుందని చుట్టాలంతా ఏవో కబుర్లతో దాటేస్తారు. ఈయనొక్కడే అడుగుతాడు. వాడికి ఏ రంగిష్టం, చిన్నప్పుడు ఎంత అల్లరి చేశాడు, అన్నీ. ఆయన ఎప్పుడొస్తాడా అని ఆమె ఎదురుచూడడం మొదలుపెట్టింది.

ఆయన రావడం ఓ రోజు మరిది చూశాడు. ఆయన అటు వెళ్లగానే లోపలికొచ్చాడు.

"వదినా, ఆయనెవరో తెలుసా? పోలీసు. ఆ రోజు ఆ వీధిలో ఉన్న ముగ్గురిలో ఒకడు."



పోలీసు రిపోర్టు ఆమెకు కంఠతా వచ్చు. కుర్రాడు కత్తితో మీదికొచ్చాడు. ఆత్మరక్షణ కోసం కాల్చక తప్పలేదు. అక్కడికక్కడే చనిపోయాడు. విచారణ చేసినవాళ్లు కూడా కాల్పులు సమంజసమేనని తేల్చేశారు.

తర్వాతిసారి ఆయన గుమ్మంలో ఉండగానే అడిగేసింది.

"మీరు పోలీసటగా?"

ఆయన ముఖం పాలిపోయింది.

"చెబుదామనే వస్తున్నానమ్మా. దారంతా మాటలు కూడబలుక్కుంటాను. మిమ్మల్ని చూడగానే గొంతు పెగలదు."

"చెప్పాల్సింది అప్పుడే చెప్పారుగా, కత్తి ఉందని."

"నేను..."

"అంత ఆశగా అడుగుతుంటే నా బిడ్డంటే ఇష్టం కాబోలనుకున్నాను. వెళ్లండి. మళ్లీ ఈ గుమ్మం తొక్కకండి."

ఆయన తలవంచుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆర్నెల్ల తర్వాత, అప్పట్లో వాడి కేసు వాదించిన లాయరమ్మ ఫోన్ చేసింది.

"కేసు మళ్లీ తెరిచారమ్మా. సాక్షి దొరికాడు."

తీర్పు రోజున హాలు కిక్కిరిసిపోయింది. జడ్జి నెమ్మదిగా చదివాడు. కుర్రాడి చేతులు రెండూ పైకెత్తే ఉన్నాయి. కత్తి తర్వాత తెచ్చి పక్కన పెట్టినది. ఇది ఆత్మరక్షణ కాదు, హత్య.

కాల్చిన అధికారి నేల చూపులు చూస్తున్నాడు. మరిది వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమెకు మాత్రం, ఇంటికెళ్లి ఈ కబురు వాడికి చెప్పాలనిపించింది. ఆ తర్వాత గుర్తొచ్చింది.

వరండాలో ఆమె లాయరమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఆ సాక్షిని ఒక్కసారి చూపించమ్మా."

"లేరండీ. గుండెజబ్బు. ఆస్పత్రి మంచం మీదే వాంగ్మూలం ఇచ్చారు. పోయిన నెల పోయారు."

"ఎవరాయన?"

"అప్పట్లో ఆ రిపోర్టు మీద సంతకం పెట్టనన్నందుకు ఉద్యోగం పోగొట్టుకున్నాయన. నోరు విప్పితే కేసులో నిన్నే ఇరికిస్తామన్నారట. భయపడ్డారు. మీ దుకాణానికి వచ్చేవారట కదా?"



లాయరమ్మ ఒక కాగితం తీసింది.

"చివరి పేరా కోర్టుకి అక్కర్లేదని చదవలేదు. ఇది మీకోసమే రాయించారు."

ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

"మీవాడు అక్కడికక్కడే పోలేదమ్మా, పది నిమిషాలు నా ఒళ్లోనే ఉన్నాడు, కళ్లు కనబడక నా చొక్కా పట్టుకుని 'అమ్మా, అమ్మా' అంటుంటే, పిలిచిన ప్రతిసారీ మీ బదులు నేనే 'ఇక్కడే ఉన్నాను నాన్నా' అని పలికాను."